రెండు వందల నలభై అంగలు

బోర్డు వచ్చింది.

నీలం రేకు మీద తెల్ల అక్షరాలు: "ఇది వారసత్వ కట్టడం. దీనికి హాని చేయుట చట్టరీత్యా నేరం." హైదరాబాదు నుంచి పార్సిల్ లారీలో గోనెపట్టా చుట్టుకొచ్చి మా మునిసిపాలిటీ ఆఫీసు వరండాలో దిగింది. ముట్టినట్టు సంతకం నేనే పెట్టాలి. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పటాలు గీసేదాన్ని కదా, ఎవరికీ అక్కర్లేని సంతకాలన్నీ నా నెత్తినే పడతాయి.

ఆ కట్టడం కూలి రెండేళ్ళయింది. దానికోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు తీరిగ్గా ఊడిపడింది బోర్డు. "ఏడ పాతాలె మేడం?" అన్నాడు అటెండరు. నాకు ఒళ్ళు మండింది. "నా నెత్తిన పాతు" అన్నాను. పాపం, అతని తప్పేముంది? తప్పు ఎవరిదో నాకు తెలుసు. అది చెప్పాలనే కూర్చున్నాను. కానీ ముందు ఆ మనిషి గురించి చెప్పాలి.

పేరు రాయను. ఆఫీసులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళే లేరు. "గొలుసు కాకా" అనేవాళ్ళం. సర్వే శాఖలో చైన్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. చైన్‌మాన్ అంటే భూమి కొలిచే ఇనప గొలుసు మోసేవాడు. సర్వేయరు నీడపట్టున నిలబడి పుస్తకంలో రాసుకుంటాడు. ముళ్ళల్లో, బురదలో, పాము పుట్టల పక్క నుంచి గొలుసు లాక్కుంటూ పోయేది చైన్‌మానే. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసేసరికి గొలుసుతో అవసరం లేకుండా పోయింది ఆయనకు. కాకా ఒక అంగ వేస్తే గజం. మూడడుగులు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఏన్కూరు నుంచి జూలూరుపాడు దాకా ఎక్కడ గట్టు తగాదా వచ్చినా ముందు కాకాకు కబురొచ్చేది. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఖాకీ చొక్కా జేబులోంచి ముగ్గుపిండి పొట్లం తీసి చుక్క పెట్టేవాడు. "గీడ" అనేవాడు. తర్వాత సర్వేయరు వచ్చి ఎంత యంత్రం పెట్టి చూసినా అదే చోటు. అన్నదమ్ములు అక్కడ రాయి పాతుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవాళ్ళు. మా తూర్పు గట్టు మీద రాళ్ళు కూడా ఆయన పెట్టించినవే.

మావాళ్ళు తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర భూములు కొనుక్కున్నారు. ఇంట్లో "బాబాయ్" అనే అలవాటు. ఆఫీసులో చేరిన కొత్తలో ఆయన్నీ అలాగే పిలిస్తే నవ్వాడు. "బాబాయ్ అంటే ఎవర్నో పిలిచినట్టున్నది బిడ్డా. కాకా అను" అన్నాడు. రిటైరయ్యాక కూడా వారానికి రెండు సార్లయినా వచ్చేవాడు. ఏ పాత సర్వే నంబరు ఎక్కడుందో అడగడానికి మాకు ఆయనే దిక్కు.

ఆయనతో మాట్లాడటం మహా చిక్కు. "ఇక్కడే కాకా, దగ్గరే" అన్నానొకసారి. నొచ్చుకున్నాడు. "దగ్గరంటే ఎంత? గట్ల చెప్పొద్దు బిడ్డా." బస్టాండు నుంచి మా గేటుకు నాలుగు వందల పన్నెండు. గేటు నుంచి టీ కొట్టుకు డెబ్బై ఆరు. సర్కారు దవాఖానా మెట్ల నుంచి కాన్పుల వార్డుకు ఎనభై తొమ్మిది. ఆఫీసులో కుర్రవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "కాకా, మా అత్తగారింటికి ఎంత?" అంటే, "నువ్వు పోవు గద, నీకెందుకు?" అని మూతి తిప్పేవాడు.

నడిచేటప్పుడు నోరు విప్పేవాడు కాదు. పెదాలు మాత్రం కదిలేవి. తండాలో పుట్టిన మనిషి, లెక్క ఎప్పుడూ లంబాడీలోనే. నూరు కాగానే ఎడమచేతి వేలొకటి మడిచేవాడు. ఎవరైనా నమస్తే పెడితే తల ఊపేవాడంతే. ఎవర్నీ పక్కన నడవనిచ్చేవాడు కాదు. తెలియనివాళ్ళు పొగరనుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో పులిహోర పెడితే తింటూ తనంతట తనే చెప్పాడు. "మా ఇంటామె బతికినన్ని రోజులు నా ఎనకనే నడిచింది. ఏమన్న చెప్పాలంటే నేను నిలబడేదాక ఆగేది. లెక్క తప్పుతదని భయం ఆమెకు. జాతరకు పోయినా గంతే, బంధువులింటికి పోయినా గంతే. ఇప్పుడు ఎంతసేపన్న మాట్లాడుకుంట నడువొచ్చు. ఎవరున్నరు?" ఇంకాస్త పులిహోర పెట్టాను.

మా ఊరు పంచాయతీ నుంచి మునిసిపాలిటీ అయ్యాక మాస్టర్ ప్లాన్ తయారుచేయమన్నారు. అంటే పటం మీద ఊరికంతటికీ రంగులు వేయాలి. ఇళ్ళుండే చోటు పసుపు, వ్యాపారానికి నీలం, పార్కులకు ఆకుపచ్చ. ఒకసారి రంగు పడి పైనుంచి ఆమోదం వచ్చిందంటే అదే చట్టం. భద్రాచలం రోడ్డుకు రెండువైపులా నీలం వేయమన్నారు, వేశాను. ఆ నీలంలో మజిలీ ఇల్లు మునిగిపోయింది.

మజిలీ ఇల్లంటే ఊరు దాటుతుండగా రోడ్డు పక్కన నల్లరాతి కట్టడం. పొడుగాటి వరండా, ఐదు కమానులు. బస్సుల్లేని కాలంలో నవమికి భద్రాచలం పోయే బండ్లు అక్కడ ఆగి తెల్లారి కదిలేవట. వరండా ముందు ఎడ్లు నీళ్ళు తాగే రాతి తొట్టి ఉండేది. నేను చూసేనాటికి అందులో మేకలు పడుకునేవి. పట్టా ఒక కాంట్రాక్టరు పేరు మీద ఉంది. ఆయనకు అది కాంప్లెక్సుకు అడ్డమొచ్చే రాళ్ళగుట్ట, అంతే.

పటాన్ని గోడకు అంటించి, అభ్యంతరాలుంటే రాసివ్వండని దండోరా వేయించాం. జనం బాగానే వచ్చారు. అందరిదీ ఒకటే మాట, మా స్థలాన్నీ నీలం చేయండి అని. తనది కాని ఇంటి కోసం వచ్చింది కాకా ఒక్కడే. వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చమని దరఖాస్తు తెచ్చాడు. అందులో ఒక గడి ఉంటుంది: "కట్టడంతో మీకు గల సంబంధం." కాకా దాంట్లో పెద్ద అక్షరాలతో "పుట్టిన" అని రాశాడు.

"ఇదేంటి కాకా?" అన్నాను.

"నిజమే బిడ్డా. మా అమ్మ నిండు నెలలతోటి బండెక్కింది, రాములోరి లగ్గం చూడాలని. గా వరండల నొప్పులొచ్చినయి. లగ్గం చూడలే. నన్ను చూసింది."

ఆయన పుట్టినట్టు కాగితమేమీ లేదు. వాళ్ళ పాత తండా అడవి లోపలుండేది. ఇప్పుడక్కడ ఒక్క గోడా లేదు. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. "నేను గీడ పుట్టిన అని చూపెట్టుకోనీకి నాకు గా తొట్టి, గా కమానులే ఉన్నయి" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ ఫైలు నా సొంత పనైపోయింది. ఫోటోలు తీశాను, పాత రికార్డులు వెతికాను, పై ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేసి తిట్లు తిన్నాను.

ఆఖరికి ఒక రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. స్థలం కొలతలతో స్కెచ్చి సాయంత్రానికల్లా అందకపోతే మజిలీ ఇల్లు జాబితాలో ఉండదు. బయట కుండపోత వాన. ఆఫీసులో ఉన్న ఒక్క టేపునూ రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు పట్టుకుపోయారు. వాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తరు. నేను తల పట్టుకుంటే కాకా తేలిగ్గా నవ్వాడు. "టేపెందుకే పిచ్చిదానా, నేను లేనా?"

ఇది మాకు అలవాటే. కాకా నడిస్తే గొలుసుతో కొలిచినట్టే లెక్క. సర్వేయర్లు కూడా ఆయన అంగలు పుస్తకంలో ఎక్కించి, పక్కన "గొలుసు" అని రాసుకునేవాళ్ళు. ఎన్నడూ ఎవరికీ ముప్పు రాలేదు.

స్కూటీ మీద పోయాం. నేను టీ కొట్టు రేకుల కింద నిలబడ్డాను. కాకా గొడుగు కూడా వద్దని, రోడ్డు మీది కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి మజిలీ ఇంటి మొదటి కమాను దాకా నడిచాడు. అంతకుముందు ఏడాది ఆయనకు చికున్‌గున్యా వచ్చి నెలన్నర మంచం దిగలేదు. తిరిగొస్తూ ఒకచోట ఆగి మోకాలు పట్టుకున్నాడు. నేను చూశాను. "నొప్పా కాకా?" అంటే "వానకాలం గద" అన్నాడు. చూసి కూడా ఊరుకున్నాను.

"రెండు వందల నలభై" అన్నాడు. రెండు వందల నలభై గజాలు అని రాశాను. ఫీల్డు పుస్తకంలో "కొలత సాధనం" అనే గడిలో "టేపు" అని రాసి సంతకం పెట్టాను. రాయి నుంచి రెండు వందల నలభై గజాల దగ్గర మొదలుపెట్టి, పటంలో నీలం మీద గళ్ళు గీసి, వారసత్వ స్థలమని గుర్తు పెట్టాను. సాయంత్రానికి ఫైలు పోయింది. ఆమోదం వచ్చిన రోజు కాకా పుట్నాలు, బెల్లం తెచ్చి ఆఫీసంతా పంచాడు. కమిషనరు గారి గదిలోకి పోవడానికి భయపడి, ఆయన వంతు కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.

ఏడాది తిరక్కుండానే కాంట్రాక్టరు మజిలీ ఇల్లు పడగొట్టి కాంప్లెక్సు కట్టుకుంటానని పర్మిషన్‌కు అర్జీ పెట్టాడు. కాకా అభ్యంతరం ఇచ్చాడు. కమిషనరు గారి గదిలో విచారణ. కాంట్రాక్టరు తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు, శాటిలైట్‌తో కొలిచే యంత్రం లెక్కలు పట్టుకుని.

"సార్, మీ పటంలో గళ్ళు గీసింది ఖాళీ స్థలం మీద. మజిలీ ఇల్లు రాయికి రెండు వందల ఎనిమిది గజాల దగ్గరే మొదలవుతుంది, గళ్ళు రాకముందే అయిపోతుంది. పటం ప్రకారం మా కట్టడం నీలంలో ఉంది."

కమిషనరు గారు ఫీల్డు పుస్తకం తెరిచారు. "టేపు అని ఉంది. టేపుతో కొలిస్తే ముప్పై రెండు గజాల తేడా ఎట్లా వస్తుంది? ఎవరు రాశారు?"

"నేనే సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. అదే నయమనిపించేది కోప్పడి ఉంటే. "చూడండమ్మా, కొలవకుండా ఆఫీసు తప్పు రాసిందంటే చెప్పండి. పర్మిషన్ ఆపి, పటం సవరణకు ఇవాళే రాస్తాను. కట్టడం నిలుస్తుంది. కానీ తప్పు రాసినవాళ్ళను ఉంచలేను. అలా కాక, బయటి మనిషి తప్పు లెక్క చెబితే దానికి ఆఫీసు బాధ్యత లేదు. పటంలో ఏముంటే అదే నడుస్తుంది."

నాది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేదు, రేపట్నుంచి రావద్దంటే చాలు. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి అప్పటికి మూడు నెలలు. ఇద్దరు పిల్లలు. ఇవన్నీ కాకాకు తెలుసు, పులిహోర తింటూ విన్నవే. నేను ఫీల్డు పుస్తకం మూసి దగ్గరికి లాక్కున్నాను.

కాకా లేచి నిలబడ్డాడు.

"మేడంకేం ఎర్క లేదు సార్. వానల ఆమెను ఛాయ్ కొట్టుకాడ నిలబెట్టి నేనే పోయిన. టేపు నా చేతుల ఉండె, ఇప్పలే. అంగలతోటి కొలిచి, టేపుతోటి కొలిచిన అని చెప్పిన. కానీ సార్, నా అంగ తప్పదు. ఆ మిషినే తప్పు."

అది విన్నాక నాకు అర్థమైంది. నన్నూ కాపాడొచ్చు, ఇంటినీ కాపాడొచ్చు అనుకున్నాడు ఆ పిచ్చి మనిషి. తన కాళ్ళ మీద అంత నమ్మకం.

ఇంజనీరు పకపకా నవ్వాడు. "అంగలా! ఏదీ, ఒకసారి నడిచి చూపించు పెద్దాయనా."

అందరం వరండాలోకి వచ్చాం. క్లర్కులు, పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు, పుట్టిన తేదీ కాగితాల కోసం వచ్చినవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. కాకా చెప్పులు విప్పాడు. ఖాకీ చొక్కా కిందికి లాక్కున్నాడు. పెదాలు కదుపుతూ నడిచాడు. పది అంగలు. ఆగి, జేబులోంచి ముగ్గుపిండి తీసి, బొటనవేలు ముందు చుక్క పెట్టాడు. "గీడ. ముప్పై అడుగులు" అన్నాడు.

టేపు లాగారు. ఇరవై ఆరు.

కాకా నమ్మలేదు. తనే వంగి సున్నా ఉన్న కొస సరిగా పట్టుకున్నారో లేదో చూశాడు. మెలిక పడిందేమోనని టేపు పొడుగునా చేత్తో నిమురుతూ వచ్చాడు. మళ్ళీ చూశాడు. ఇరవై ఆరు. మునివేళ్ళ మీద కూర్చున్నవాడు లేవలేకపోయాడు కాసేపు. ఎవరూ నవ్వలేదప్పుడు, ఇంజనీరు కూడా.

అప్పుడు నా వైపు చూశాడు. ఒక్కసారే. ఇంకా సమయం మించిపోలేదు. "టేపు లేదని మేడంకు తెలుసు సార్" అంటే చాలు, ఆఫీసు తప్పవుతుంది, ఆయన పుట్టిన ఇల్లు నిలుస్తుంది. ఆయన ఆ మాట అనకపోయినా నేను అనొచ్చు. నోట్లో ఉంది మాట. పుస్తకాన్ని గుండెకు అదుముకుని నిలబడ్డాను, అంతే. సిగ్గులేకుండా ఆయనే నన్ను గట్టెక్కిస్తాడని ఎదురుచూశాను.

"రాసుకోండి సార్. తప్పు నాదే" అన్నాడు కాకా.

ఆ వారంలోనే మజిలీ ఇంటికి జేసీబీ వచ్చింది. మధ్యాహ్నానికి అయిపోయిందని చెప్పారు. కాకా రాలేదట. నేనూ పోలేదు. కాంప్లెక్సు లేచింది. దాని అవతల, చట్టం కాపాడే ఖాళీ స్థలంలో తుమ్మ మొక్కలు మొలిచాయి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పది అంగలు, ఇరవై ఆరు అడుగులు అన్న మాట ఊళ్ళు తిరిగింది. కాకా అంగ కురచైందట. ఎప్పట్నుంచి? ఎవరికి తెలుసు? ఓడిపోయిన అన్నదమ్ములంతా మళ్ళీ లేచారు. ఆ రాళ్ళు పీకండి, ఈ గట్టు మళ్ళీ కొలిపించండి అని మండలాఫీసు ముందు క్యూ కట్టారు. ఒకరోజు అన్నం తింటూ మా నాన్న అన్నాడు, "మన తూర్పు గట్టు కూడా ఆ ముసలాయనే కదా కొలిచింది. ఓసారి చూపిద్దామా?" అప్పుడు కూడా, వద్దు నాన్నా, ఆయన నాకోసం అలా అన్నాడు అని చెప్పలేదు.

కాకా మా ఆఫీసుకు రావడం మానేశాడు. గట్లకు పిలిచేవాళ్ళు లేరు. టీ కొట్టు దగ్గర కూడా కనపడటం లేదన్నారు.

ఒకసారి కొత్తగూడెం నుంచి బస్సులో వస్తున్నాను. జూలూరుపాడు ఇవతల పత్తి చేల మధ్య ఖాకీ చొక్కా కనపడింది. బస్సు దిగేవాళ్ళ కోసం ఆగింది. కాకా ఒక హద్దురాయికి టేపు కొసను తాడుతో కట్టాడు. టేపు విప్పుకుంటూ గట్టు మీద దూరంగా నడిచాడు. అక్కడికి పోయి లాగేసరికి ఈ కొస ఊడిపోయింది. మళ్ళీ వెనక్కొచ్చాడు. మళ్ళీ కట్టాడు, పైన ఒక బండరాయి ఎత్తిపెట్టాడు, మళ్ళీ నడిచాడు. మళ్ళీ జారింది. టేపుకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లాగాలి, ఒకరు కొస పట్టుకోవాలి.

దిగుదామనుకున్నాను. సంచి కూడా ఒళ్ళోకి తీసుకున్నాను. ఏం మొహం పెట్టుకుని పోవాలి అని ఆలోచించేలోపు కండక్టరు విజిలేశాడు. నిజం చెప్పాలంటే ఆ విజిల్ కోసమే చూశాను.

ఈ వేసవి మొదట్లో ఆయనే ఆఫీసుకు వచ్చాడు. బయట బల్ల మీద కూర్చున్నాడని అటెండరు చెప్పాడు. "మీతోని ఏదో చెప్పాలంట మేడం." కిటికీలోంచి చూశాను. మనిషి సగమయ్యాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఇన్నాళ్ళకు అడగడానికి వచ్చాడనుకున్నాను, నువ్వెందుకు నోరు తెరవలేదు బిడ్డా అని. "మీటింగులో ఉందని చెప్పు" అన్నాను. గంటన్నర కూర్చున్నాడు. ఏ మీటింగూ లేదు. పాత పటాలు మడిచి విప్పి, విప్పి మడిచి గడిపాను. తలెత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది.

పన్నెండు రోజులకు పోయాడని తెలిసింది. కర్మకాండలు కూడా అయిపోయాకే తెలిసింది.

ఆయన కూతురు చర్ల దగ్గర అంగన్‌వాడీ టీచరు. బోర్డు వచ్చిన మర్నాడే, విచిత్రం, ఆమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ ప్లాస్టిక్ సంచి తెచ్చింది. "నాయన ఇది మీకియ్యాలని చెప్పిండు మేడం. మొన్నటిదాక ఇల్లు సర్దలే, గందుకే ఆలిస్యమైంది" అని క్షమాపణ చెప్పుకుంది. నాకు, ఆమె క్షమాపణ.

సంచిలో నలభై పేజీల పిల్లల నోటుబుక్కు. పేజీకో ఊరు. సర్వీసులో ఉండగా, తర్వాత, తను అంగలతో పెట్టించిన రాళ్ళన్నిటినీ ఒంటరిగా టేపుతో మళ్ళీ కొలిచాడు కాకా. ఎడమవైపు పాత లెక్క, కుడివైపు కొత్త లెక్క, పక్కన ఒక మాట. జూలూరుపాడు చెరువు కింది మడి, సరి. తిమ్మరాయుని గట్టు, సరి. అన్నదమ్ముల పత్తి చేను, సరి. పేజీలు తిప్పుతూ పోయాను. సరి. సరి. సరి. "ఏన్కూరు, మేడం వాళ్ళ తూర్పు గట్టు, సరి." మా చేలోకి ఎప్పుడొచ్చాడో, మా గట్టు మీద ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ నడిచాడో మాకెవరికీ తెలియదు.

ఆ చికున్‌గున్యా జ్వరం నుంచి లేచాక ఆయన అంగలతో కొలిచింది ఒక్కటే. ఆఖరి పేజీలో అదొక్కటే ఉంది. "మజిలీ. అంగలు 240. టేపు 208. తప్పు." కింద కొంచెం చోటు వదిలి, వంకర అక్షరాలతో, "మేడంకు చెప్పాలె, మిగిలినయన్ని సరే."

ఆ మాట చెప్పడానికే గంటన్నర కూర్చున్నాడు. అడగడానికి కాదు. బతుకంతా వేసిన అంగల్లో తప్పింది ఆ ఒక్కసారేనని ఎవరో ఒకరికి చెప్పుకోవాలని వచ్చాడు. ఆ ఎవరో ఒకరు నేను. నేను మీటింగులో ఉన్నాను.

కూతురు భయపడింది నా ఏడుపు చూసి. "ఏందమ్మా, ఏమైంది?" అని నా వీపు మీద చెయ్యేసింది.

ఇవాళ పొద్దున మేస్త్రీని తీసుకుని, పటంలో గళ్ళు గీసిన చోట బోర్డు పాతించడానికి పోయాను. దాంతోపాటు వచ్చిన ఫారంలో మళ్ళీ అవే గడులు. స్థలం ఎవరు కొలిచారు, దేనితో. కాంప్లెక్సు ముందు టిఫిన్ సెంటరు వాళ్ళు ప్లేట్లు కడుగుతూ ఆగి చూశారు. ఎడ్ల తొట్టి అక్కడే ఉంది, అందులో గిన్నెలు నానబెట్టారు. టిఫిన్ సెంటరు బల్ల మీదే కూర్చుని ఫారం నింపాను. "మొదటి కొలత అంగలతో జరిగినది. టేపు ఆ రోజు లేదు. అది తెలిసే 'టేపు' అని రాసినది నేను. విచారణలో చైన్‌మాన్ నన్ను కాపాడుటకు అబద్ధమాడినాడు. నేను ఊరుకున్నాను. ఆయన కొలిచిన మిగిలిన హద్దులన్నీ సరియైనవి, నోటుబుక్కు జతపరచడమైనది." సంతకం పెట్టాను. రేపట్నుంచి రావద్దంటే రాను. మా ఆయనకు రాత్రే చెప్పాను. "రెండేళ్ళు ఎట్లా మోశావే?" అన్నాడు.

మేస్త్రీ టేపు తీశాడు. కిలోమీటరు రాయి దగ్గర అటూ ఇటూ చూశాడు. "ఇంకో మనిషి రాలే మేడం. జర ఈ కొస మీరు పట్టుకుంటారా?"

వంగి పట్టుకున్నాను. సున్నాను రాయి అంచుకు ఆనించి, బొటనవేలితో గట్టిగా నొక్కాను. మేస్త్రీ టేపు విప్పుకుంటూ పోయాడు. టేపు యాభై గజాలే. అది అయిపోయిన చోట ముగ్గుపిండితో గీత పెట్టి నన్ను పిలిచేవాడు. నేను ఆ గీత దగ్గరికి పోయి మళ్ళీ కొస పట్టుకునేదాన్ని. నాలుగు గీతలయ్యాయి. ఐదోసారి అతను టిఫిన్ సెంటరు దాటి, కాంప్లెక్సు గోడ వెంట తుమ్మ మొక్కల్లోకి పోయి కనపడకుండా అయ్యాడు. కాసేపటికి అటునుంచి కేక వినపడింది.

"దొరికింది మేడం, రెండు వందల నలభై! ఇగ ఇడిసిపెట్టుండ్రి!"

అతను రెండోసారి కేకేసినా నా వేలు లేవలేదు.